మగ్గాలు కదిలిన దారిలో వేదికా కదలాలి

విక్టోరియా కాలపు దుస్తులు వేసుకుని, హార్ప్ మీటుతూ, ఆనాటి కవిత్వాన్ని వినిపించే ప్రదర్శనలకు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఇప్పటికీ ఆదరణ ఉంది. నేల మీద నిలిపి భుజానికి వాల్చుకునే ఆ పెద్ద తీగల వాద్యం, పొడవాటి గౌన్లు, పాత పద్యాలు చూస్తే ఇదంతా సంపన్నుల ఇళ్లలోని సాయంకాలాల జ్ఞాపకం అనిపిస్తుంది. దాని వెనక మరో చరిత్ర ఉంది. హార్ప్‌నూ పద్యాన్నీ వేషాన్నీ ఒకే వేదిక మీదికి తెచ్చి, వాటి అండతో తమ భాషను నిలుపుకోవాలని చూసిన ఒక చిన్న జాతి చరిత్ర అది. బొగ్గు గనుల్లో, ఇనుప కొలుముల్లో పనిచేసినవాళ్లే ఆ వేదిక ముందు కూర్చున్నారు. వాళ్లే దాన్ని ఎక్కి పాడారు. పని వెతుక్కుంటూ ఊళ్లు దాటినప్పుడు వేదికను కూడా వెంట తీసుకుపోయారు. సూరత్‌లో సాంచెల (మరమగ్గాల) మీద బతుకుతున్న మన తెలుగువాళ్లను తలచుకున్నప్పుడల్లా మాకు ఆ చరిత్ర గుర్తొస్తుంది.

ఆ జాతి వేల్స్ ప్రజలు. వాళ్ల కవులూ గాయకులూ వాద్యకారులూ పోటీపడే ఉత్సవం పేరు ఐస్టెద్‌వొద్. 1176లో కార్డిగన్ కోటలో రీస్ ప్రభువు జరిపిన సభను దీనికి మొదటిదిగా చెబుతారు. మేటి కవికి ఒక ఆసనం, మేటి వాద్యకారుడికి ఒక ఆసనం అక్కడ బహుమానాలు. తర్వాతి శతాబ్దాల్లో ఆ సంప్రదాయం సన్నగిల్లింది. 1792లో యోలో మోర్గానుగ్ అనే రాతిపనివాడు, కవి, లండన్‌లోని ప్రింరోజ్ హిల్ మీద కవుల కొలువు ఒకటి తీర్చాడు. ప్రాచీన ద్రూయిడ్ల నుంచి వస్తున్న ఆచారమని అతను చెప్పుకున్నాడు గానీ, అది చాలావరకు అతని కల్పనే. 1819లో కార్మార్థెన్‌లో ఆ కొలువు ఐస్టెద్‌వొద్‌తో కలిసింది. ఇవాళ ఆ ఉత్సవంలో కవులు ధరించే నీలి, ఆకుపచ్చ, తెల్లని అంగీలకు రూపం ఇచ్చింది 1890లలో హ్యూబర్ట్ హెర్కోమర్ అనే చిత్రకారుడు. ఒక సంప్రదాయం బతకాలంటే అది వెయ్యేళ్లనాటిదే కావాలని లేదు. దాన్ని తమదిగా పట్టుకునే జనం ఉంటే చాలు.

విక్టోరియా రాణి పాలన 1837 నుంచి 1901 దాకా సాగింది. ఆ కాలంలోనే వెల్ష్ భాష మీద పెద్ద దెబ్బ పడింది. 1847లో వేల్స్ పాఠశాలల మీద ప్రభుత్వానికి ఒక నివేదిక అందింది. దాన్ని తయారుచేసిన ముగ్గురు అధికారులకూ వెల్ష్ రాదు. ఆ ప్రజల వెనకబాటుకు వాళ్ల భాషే కారణం అని నీలి అట్టలతో వచ్చిన ఆ నివేదిక తేల్చింది. బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసే శిక్ష అప్పటికే చాలాచోట్ల ఉండేది. తెలుగు మాట్లాడినందుకు పిల్లలు దండన పడిన బడులను చూసిన మనకు ఆ చెక్కముక్క బరువు ఎంతో ఎవరూ చెప్పనక్కర లేదు.

ఆ దెబ్బకు ఎదురు నిలిచినవాళ్లలో లేడీ లానోవర్ ఒకరు. 1834లోనే ఆమె వెల్ష్ భాషనూ సంప్రదాయ దుస్తులనూ కాపాడుకోవాలంటూ వ్యాసం రాసి కార్డిఫ్ ఐస్టెద్‌వొద్‌లో బహుమతి పొందారు. ఎత్తయిన నల్ల టోపీ, శాలువా, ఉన్ని లంగా కలిసిన వేషాన్ని వేల్స్ స్త్రీల గుర్తుగా నిలబెట్టడంలో ఆమె పాత్ర పెద్దది. నూలు బట్టల పోటీకి తట్టుకోలేకపోతున్న స్థానిక ఉన్ని నేతకు ఆ వేషం ఆసరా కావాలని ఆమె కోరుకున్నారు. మూడు వరసల తీగలుండే పాత హార్ప్ కనుమరుగవుతుంటే దానికి పోటీలు పెట్టించారు, బహుమతులిచ్చారు, థామస్ గ్రిఫిత్ అనే అంధ వాద్యకారుణ్ణి తన ఇంటి ఆస్థానంలో ఉంచుకున్నారు. వేషం, వాద్యం, భాష, నేత అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయని ఆమె గ్రహించారు. నేతకారుల బతుకును పక్కన పెట్టి నేతబట్ట అందాన్ని మాత్రమే పొగిడే మన సాంస్కృతిక సభలు ఆ సంగతి నేర్చుకోవాలి.

1861లో మొదటి జాతీయ ఐస్టెద్‌వొద్ జరిగిన చోటు అబర్‌డేర్. అది బొగ్గూ ఇనుమూ తీసే లోయ, కూలీల ఊరు. తర్వాత విక్టోరియా రాణికి ఆస్థాన హార్ప్ వాద్యకారుడైన జాన్ థామస్‌కు బిరుదు దక్కింది అక్కడే. గనిలో దిగే మనిషి సాయంత్రం బృందగానం సాధన చేసి, ఏడాదికోసారి పోటీకి వచ్చేవాడు. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది చూసి పోవడానికి రాలేదు, తమ పద్యమూ పాటా వినిపించడానికి వచ్చారు. ఆ ఉత్సవం బలమంతా అందులోనే ఉంది.

తర్వాత వాళ్లు చేసిన పని మనకు మరీ ముఖ్యం. వెల్ష్ కూలీలూ మేస్త్రీలూ పనిమనుషులూ పెద్దసంఖ్యలో లివర్‌పూల్ చేరారు. అది ఇంగ్లండు నగరం. అయినా 1884లో, 1900లో, 1929లో జాతీయ ఐస్టెద్‌వొద్ ఆ నగరంలోనే జరిగింది. 1887లో లండన్‌లో జరిగింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలోనూ ఐస్టెద్‌వొద్ పెట్టారు. 1865లో దక్షిణ అమెరికాలోని పటగోనియాకు ఓడలో వెళ్లి స్థిరపడిన కుటుంబాల వారసులు ఇవాళ్టికీ అక్కడ తమ ఉత్సవం చేసుకుంటున్నారు. తమవాళ్లు ఎక్కడ చెమటోడుస్తుంటే అక్కడే కవికి పీట వేశారు.

ఇందులో లోపాలూ ఉన్నాయి. విక్టోరియా కాలపు ఐస్టెద్‌వొద్‌లలో పెద్దల మెప్పు కోసం ఉపన్యాసాలు చాలావరకు ఇంగ్లీషులో సాగాయి. వేదిక మీద వెల్ష్ మాత్రమే ఉండాలన్న నియమం 1950లో గానీ అమలులోకి రాలేదు. 1891 జనగణనలో వేల్స్ జనాభాలో వెల్ష్ మాట్లాడేవారు సుమారు 54 శాతం. 2021 నాటికి 17.8 శాతం. ఉత్సవం ఒక్కటే భాషను కాపాడలేదు. బడి, పని, ప్రభుత్వం కలిసిరావాలి. అయినా బడీ ప్రభుత్వమూ ఎదురు తిరిగిన నూరేళ్లూ ఆ భాషకు నిలువ నీడ ఇచ్చినవాటిలో ప్రార్థనా మందిరంతో పాటు ఈ ఉత్సవమూ ఉంది. వేషం జనాన్ని రప్పిస్తుంది. ఆ జనం తమ నోటితో పాడినప్పుడే భాష నిలుస్తుంది. వెల్ష్ అనుభవం నుంచి మేము తీసుకునే పాఠం ఇది.

హార్ప్ మనకు పూర్తిగా పరాయి వాద్యమూ కాదు. రెండో శతాబ్ది నాటి అమరావతి శిల్పాల్లో వాద్యకారుల చేతుల్లో విల్లులా వంగిన హార్ప్ కనిపిస్తుంది. ఆ స్తూపపు పలకలు ఎన్నో 1859లో లండన్ బయలుదేరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ కోవకు చెందిన వాద్యం బర్మాలో ఇప్పటికీ మోగుతోంది. కృష్ణా తీరంలో మాత్రం రాతిలోనే మిగిలింది. చేతి నుంచి చేతికి అందించేవాళ్లున్న చోట బతికింది, లేనిచోట పోయింది. ఏ కళకైనా ఈ సూత్రం వర్తిస్తుంది.

విక్టోరియా కాలంలో మన దగ్గరా వేషమూ పద్యమూ కలిసి కొత్త వేదికను ఎక్కాయి. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన నాటకాన్ని ఆడించారు. 1886లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ పెట్టారు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాలది మరింత విశేషమైన కథ. వాళ్ల పూర్వీకులు మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాటగాళ్లు. వలస వచ్చిన కుటుంబం తెలుగు రంగస్థలానికి ప్రాణం పోసింది. వలస వెళ్లిన తెలుగువాళ్లకు మనం ఏం ఇచ్చామన్న ప్రశ్న ఇక్కడే ఎదురవుతుంది.

ఆ ప్రశ్నకు సూరత్‌ను మించిన చోటు లేదు. తెలుగు నేలకూ సూరత్‌కూ ఉన్న దారి కొత్తది కాదు. ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్నంలో దిగారు, 1613లో సూరత్‌లో కోఠీకి అనుమతి పొందారు. రెండూ బట్టల రేవులే. పదిహేడో శతాబ్దిలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే సూరత్ నుంచి గోల్కొండ దాకా ఉన్న బాటను మజిలీలతో సహా రాసిపెట్టాడు. మన నేతగాళ్లు నేసిన కలంకారీలూ సన్నబట్టలూ ఆ రేవుల మీదుగానే ప్రపంచానికి చేరాయి. అప్పట్లో బట్ట ప్రయాణం చేసింది. ఇరవయ్యో శతాబ్దిలో ఆ బట్ట నేసే మనిషే ప్రయాణం కట్టాల్సి వచ్చింది. చేమగ్గం కూడు పెట్టని రోజుల్లో కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల పద్మశాలి కుటుంబాలు మొదట షోలాపూర్, బొంబాయి, భివండీలకు, తర్వాత సూరత్‌కు తరలాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు వీధులు వెలిశాయి. అక్కడి సాంచెల మీద సాగేది ఎక్కువగా పాలియెస్టర్. పన్నెండు గంటల షిఫ్టులు, చెవులు దిబ్బళ్లు వేసే చప్పుడు, గజాల లెక్కన కూలి. ఆ చప్పుడులో పక్కమనిషితో మాట్లాడాలంటే అరవాలి, లేదా సైగ చేయాలి. పాట అక్కడ పుట్టదు. దానికి వేరే చోటు కావాలి.

అయినా అక్కడివాళ్లు తమ భాషను వదలలేదు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. తెలుగు రాష్ట్రాల్లోనే తెలుగు మాధ్యమం తగ్గిపోతున్న రోజుల్లో, ఒక గుజరాతీ నగరం వలస కూలీల పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతోంది. అందుకు మనం ఆ నగరానికి చేతులెత్తి నమస్కరించాలి. దసరా రోజుల్లో అక్కడి ఆడవాళ్లు బతుకమ్మ ఆడతారు. కొలువడానికి మార్కండేయుడు ఉన్నాడు, చెప్పుకోవడానికి భావనారుషి కథ ఉంది.

భావనారుషి కథ తెలుగువాళ్లు గర్వించదగిన కావ్యసంపద. తామరతూడుల నుంచి దారం తీసి దేవతలకు తొలి బట్ట నేసినవాడు భావనారుషి. సూర్యుని కూతురు భద్రావతిని పెళ్లాడాడు. పులిని లొంగదీశాడు. నేతపనినే దైవకార్యంగా చెప్పే ఈ కథను తరతరాలుగా పద్మశాలీలకు వినిపించిన కళాకారులు కూనపులివారు. వాళ్ల చేతిలో ఒక పటం ఉంటుంది. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేల మీద కథనంతా వరసగా గీసి ఇచ్చే పొడవాటి చుట్ట అది. కథకుడు ఒక్కో బొమ్మనూ విప్పుతూ, చూపిస్తూ, పాడుతూ, వచనం చెబుతూ, పాత్రలోకి దూరి బయటికి వస్తూ రాత్రంతా నడిపిస్తాడు. వంతలు అందుకుంటారు. 1625 నాటి మార్కండేయ పురాణ పటం ఒకటి హైదరాబాదులోని జగదీశ్ కమలా మిత్తల్ మ్యూజియంలో ఉంది. నాలుగు వందల ఏళ్ల కిందటే ఇంత పరిణతి చెందిన కళ ఇది. బట్ట నేసేవాళ్ల కథను బట్ట మీదే రాసి, ఆ బట్టనే వేదికగా మార్చుకున్న ప్రదర్శన ప్రపంచంలో ఎన్ని చోట్ల ఉంది?

ఈ కళ ఇవాళ రెండు వైపుల నుంచీ నలుగుతోంది. పల్లెల్లో కథ చెప్పించుకునే నేత ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఇళ్లవాళ్లు చేరిన నగరాల్లో కథ చెప్పించుకునే తీరిక లేదు. పటం గీసే చేతులు గోడకు తగిలించే చిన్న బొమ్మలకూ మాస్కులకూ మళ్లాయి. శ్రోత ఒకచోట, కథకుడు మరోచోట ఉండిపోయారు. వాళ్లిద్దరినీ కలపడం సాహిత్య సంస్థల పని, అకాడమీల పని, మాలాంటి పత్రికల పని.

ఇన్నాళ్లూ మనం ఆ పని చేయలేదు. ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాదులో, 1981లో కౌలాలంపూర్‌లో, 1990లో మారిషస్‌లో, 2012లో తిరుపతిలో, 2017లో మళ్లీ హైదరాబాదులో జరిగాయి. సముద్రాలు దాటి వెళ్లాం, మంచిదే. అమెరికా తెలుగు సంఘాల సభల్లో కృష్ణరాయల కొలువును కళ్లకు కట్టే భువనవిజయం ప్రదర్శిస్తున్నారు. పట్టుబట్టలూ తలపాగాలూ ధరించి అష్టదిగ్గజాలుగా కూర్చుని పద్యం చదివే ఆ రూపకం అందమైనది, నిలవాల్సినది. అదే శ్రద్ధ సూరత్, భివండీ, షోలాపూర్‌ల మీద ఎందుకు లేదు? విమానంలో వెళ్లిన తెలుగువాడికి ఒక కొలువు, రైలు జనరల్ బోగీలో వెళ్లిన తెలుగువాడికి ఏమీ లేకపోవడం మన సాహిత్య సమాజానికి తగని పని.

పూట గడవని మనిషికి పద్యం ఎందుకని కొందరు అడుగుతారు. అబర్‌డేర్ గని కార్మికులు కడుపు నిండాక పాడలేదు. వాళ్ల బతుకులో పాట ఒక భాగం కనుక పాడారు. కూలి పెరగాలి, పని గంటలు తగ్గాలి, వలస కార్మికుడికి భద్రత కావాలి. వీటి కోసం ఈ పత్రిక ఎప్పుడూ గొంతు కలుపుతుంది. కూలి పెరిగేదాకా పాట ఆగాలని ఏ కూలీ ఎప్పుడూ అనలేదు.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. కూనపులి కథ ఒక కులపురాణం, ఆ కళాకారులు ఆశ్రిత కులంగా పెద్ద కులం దయ మీద బతికినవారు, ఆ వ్యవస్థను మళ్లీ ఎందుకు నిలబెట్టాలి? నిలబెట్టకూడదు. కథకుడు సూరత్‌కు గౌరవంతో, ఒప్పుకున్న పారితోషికంతో, తన పేరు కరపత్రం మీద పెద్దక్షరాలతో అచ్చయిన కళాకారుడిగా వెళ్లాలి. అదే వేదిక మీద చిందు యక్షగానం ఆడాలి, ఒగ్గుడోలు మోగాలి. సూరత్ తెలుగువాళ్లలో నేతవాళ్లతో పాటు ఎన్నో పనులు చేసుకునే ఎన్నో కులాలవాళ్లు ఉన్నారు. వాళ్లందరి కథలూ అక్కడ వినిపించాలి. ఒకరి కులపురాణాన్ని మరొకరు పక్కన కూర్చుని విన్నప్పుడు అది అందరి సాహిత్యం అవుతుంది.

అందుకు తగిన రోజులూ ఉన్నాయి. సూరత్ కన్న మహాకవి నర్మద్ 1833 ఆగస్టు 24న పుట్టారు. ఆయన కూడా విక్టోరియా కాలపు మనిషే. గుజరాతీ వచనానికి దారి వేశారు, 1864లో దాండియో పత్రిక నడిపారు, ఒంటిచేత్తో నర్మకోశమనే నిఘంటువు కూర్చారు, వితంతు వివాహాల కోసం నిలబడ్డారు. ఆయన పుట్టినరోజును గుజరాతీ భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఆయన పేరు పెట్టుకుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న పుట్టారు. అది మన తెలుగు భాషా దినోత్సవం. రెండింటికీ మధ్య అయిదు రోజులే. నేత ఇళ్లకు పెద్దపండుగ అయిన శ్రావణ పౌర్ణమి కూడా తరచూ ఆగస్టులోనే వస్తుంది.

ఆగస్టు 24 నుంచి 29 దాకా సూరత్‌లో ఏటా తెలుగు కవితా వారం జరగాలని ఈ సంపాదకీయం ప్రతిపాదిస్తోంది. మొదటి రోజు తెలుగు బడి పిల్లలు నర్మద్‌కు నివాళిగా ఆయన కవితను తెలుగులో చదవాలి. గుజరాతీ కవులను పిలిచి వినాలి. అతిథులుగా ఉన్న ఊరి భాషను గౌరవించడం మన సంస్కారం. ఒక రాత్రి పటం విప్పి భావనారుషి కథ పూర్తిగా చెప్పించాలి. ఒక రోజు శతక పద్యాల పోటీ, ఒక రోజు సాంచె కార్మికులు తాము రాసిన పాటలూ కథలూ వినిపించే పోటీ ఉండాలి. షిఫ్టు దిగినవాళ్లు వచ్చేలా, ఎక్కేవాళ్లు విని వెళ్లేలా రెండు వేళల్లో జరపాలి. ఉపన్యాసాలు తగ్గించాలి. వేదిక మీద కూర్చునే పెద్దల కుర్చీలు తగ్గించాలి. వేల్స్ కవికి ఆసనం బహుమానమైతే, మన విజేతకు సూరత్ తెలుగు నేతగాళ్లు స్వయంగా చేమగ్గం మీద నేసిన శాలువా కప్పాలి. అది కొన్న శాలువా కాకూడదు.

ఇందుకు తెలంగాణ సాహిత్య అకాడమీ, తెలుగు విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ, సూరత్‌లోని తెలుగు సంఘాలు, ఆ నగరపాలక సంస్థ ఒకచోట కూర్చోవాలి. దీనికయ్యే ఖర్చు ఒక పెద్ద మహాసభ ద్వారతోరణాల ఖర్చులో కొంత. చెప్పిన ప్రతి కథనూ రికార్డు చేసి, పాఠాన్ని అచ్చువేసి, ఒక ప్రతిని సూరత్ తెలుగు బడుల్లో ఉంచాలి. ఆ పిల్లలు తమ తాతల కథను తమ పాఠంగా చదువుకోవాలి.

మా వంతు మేము ఇప్పుడే చెబుతున్నాం. సూరత్, భివండీ, షోలాపూర్‌లలో సాంచెల మీద పనిచేస్తూ రాసే తెలుగువాళ్ల కవితలకూ కథలకూ పాటలకూ ఈ పత్రికలో ప్రతి సంచికలోనూ చోటు ఉంటుంది. అచ్చుతప్పులు మేము దిద్దుకుంటాం, యాసను దిద్దం. మొదటి కవితా వారం ఎప్పుడు జరిగినా అందులో గెలిచిన రచనలతో ప్రత్యేక సంచిక తెస్తాం. ఆ వారాన్ని జరిపించేందుకు ముందుకొచ్చే సంస్థ ఏదైనా మమ్మల్ని కార్యకర్తలుగా లెక్కవేసుకోవచ్చు. తన మనుషులు పనిచేసే ఊరికి నడిచి వెళ్లిన భాషకు వినేవాళ్లు కరువు కారు.